పని వస్తోంది, డబ్బే రావడం లేదు

కాకినాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నాలుగు పేజీలుంది. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆవిడకి 36 ఏళ్ళు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేశారు. రెండో బాబు పుట్టాక ఉద్యోగం మానేసి, 2021 నుంచి ఇంట్లోనే ఇంగ్లీషు నుంచి తెలుగుకి అనువాదాలు చేస్తున్నారు. యాప్‌లలో కనిపించే మాటలు, ఆరోగ్య కరపత్రాలు, ఆన్‌లైన్ పాఠాలు ఎక్కువ. పదానికి రూపాయి నలభై పైసలు. మొదటి రోజు ఒప్పుకున్న ఆ రేటే ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ పనిలో సగానికి పైగా ఒకే ఏజెన్సీ ఇస్తుంది. ఆ ఏజెన్సీ జూన్ నుంచి డబ్బు ఇవ్వలేదు. జూన్ బిల్లు 38,000, జూలై 42,000, ఆగస్టు 31,000, అక్టోబరు 45,000, నవంబరు 30,000. మొత్తం 1,86,000 రూపాయలు. పని పంపే అమ్మాయి ‘అక్కా’ అని పిలుస్తుంది, పండక్కి పిల్లల ఫొటోలు అడుగుతుంది. ‘బాకీ మాటెత్తాలంటే నా గొంతు పెగలదు’ అని రాశారు. ఇప్పుడు అదే ఏజెన్సీ ఇంకో మాట అంటోంది. ఇకపై మెషీన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దితే చాలట, పదానికి అరవై పైసలట.

ఇంట్లో అత్తగారు ‘రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం తెచ్చావు’ అంటున్నారు. భర్త మంచివారే, కానీ ‘స్కూల్లో 18,000 ఇస్తామంటున్నారుగా, వెళ్ళిపో’ అంటున్నారు. ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. డిసెంబరులో పిల్లల ఫీజు కట్టడానికి ఆవిడ రెండు గాజులు తాకట్టు పెట్టి 60,000 తెచ్చారు. మరిది రియల్ ఎస్టేట్ బ్రోషర్ అంతా ఉచితంగా చేయించుకున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. హైదరాబాద్ నుంచి ఇంకో సంస్థ జీఎస్టీ నంబరు అడిగితే భయపడి జవాబివ్వలేదు. చివరికి ఇలా అడిగారు: ‘నాకు అనువాదం వచ్చు, వ్యాపారం రాదు. మానేయనా?’

అమ్మా, మానేయాలా వద్దా అన్నది చివర్లో చూద్దాం. మీ ఉత్తరంలో అయిదారు సమస్యలు ఒకదానికొకటి చుట్టుకుని ఒకే పెద్ద ముద్దలా కనిపిస్తున్నాయి. అందుకే మీకు ఊపిరాడటం లేదు. విడదీసి చూస్తే కొన్ని రెండు రోజుల్లో తీరేవి, కొన్ని రెండు నెలలు పట్టేవి.

ముందు బాకీ సంగతి. పాలు పోసే అతను ఒకటో తారీఖున చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, అతను మనల్ని అడుక్కుంటున్నాడని ఎవరమైనా అనుకుంటామా? ఒక రోజు ఆలస్యమైతే మనమే సర్ది చెప్పుకుంటాం. మీరు పోసింది కూడా పాలే. అయిదు నెలల పాటు పోశారు. మీ ఉత్తరంలో ‘ఇబ్బంది పెడుతున్నానేమో’ అన్న మాట మూడు చోట్ల ఉంది. ఇబ్బందిలో ఉన్నది మీరు. మీ గాజులు తాకట్టులో ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి నిజంగా మీ మీద అభిమానంతోనే మాట్లాడుతూ ఉండొచ్చు. కానీ ఆమె పని పంపిణీ చేసే ఉద్యోగి, డబ్బు ఇచ్చే విభాగం వేరు. ఇన్నాళ్ళూ ఆమెకి వాట్సాప్‌లో ‘బిల్లు చూడమ్మా’ అని పెడుతున్నారు. ఆ మెసేజ్ అకౌంట్స్ వాళ్ళదాకా వెళ్ళిందో లేదో మీకు తెలియదు. కనుక బాకీ గురించి ఇకపై ఏం రాసినా మెయిల్‌లో, అకౌంట్స్ విభాగానికి రాయండి. అప్పుడు ఆమెతో స్నేహానికీ ఇబ్బంది ఉండదు.

మెయిల్ పంపే ముందు ఒక సాయంత్రం కూర్చుని కాగితాలు పోగేయండి. ప్రతి బిల్లుకీ పని అప్పగించిన మెయిల్ లేదా మెసేజ్, మీరు ఫైలు పంపిన తేదీ, వాళ్ళు ‘అందింది’ అన్న జవాబు, బిల్లు కాపీ ఒక చోట పెట్టండి. అయిదు బిల్లుల్లో మూడింటికి వాట్సాప్ మాటలే ఉన్నాయన్నారు. పరవాలేదు, ఆ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఫోన్ పోయిందంటే ఆధారమూ పోతుంది.

మీరు ఊహించని చోట కూడా ఒక ఆధారం దొరకవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి, మీ పేరు మీద ఎంత టీడీఎస్, అంటే మీకివ్వాల్సిన డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, పడిందో చూడండి. వృత్తిపరమైన ఫీజుల మీద సాధారణంగా 10 శాతం కోస్తారు. డబ్బు చేతికిచ్చినప్పుడు, లేదా బిల్లును తమ పుస్తకాల్లో ఎక్కించుకున్నప్పుడు, ఏది ముందైతే అప్పుడు కోయాలి. అంటే మీకు ఒక్క రూపాయి అందకపోయినా జూన్, జూలై బిల్లుల మీద టీడీఎస్ కట్టేసి ఉండే అవకాశం ఉంది. అది కనిపిస్తే వాళ్ళు మీ బిల్లును ఒప్పుకుని లెక్కలో రాసుకున్నారనడానికి అదొక సాక్ష్యం. అదొక్కటే చాలదు కానీ, ‘మాకు బిల్లే అందలేదు’ అనే మాట మాత్రం ఇక చెల్లదు.

ఆ తర్వాత మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది సామరస్యంగా రాతలో అడగడం. మొత్తం బాకీ, బిల్లుల వివరం, ఏ తేదీలోగా కావాలో స్పష్టంగా రాసి, ఒకేసారి కుదరకపోతే మూడు వాయిదాలకైనా సిద్ధమని చెప్పడం. ఇందులో పోయేదేమీ లేదు. చాలా బాకీలు ఈ దశలోనే కదులుతాయి, ఎందుకంటే అప్పటిదాకా రాసి అడిగినవాళ్ళే ఉండరు. ఈ దారిలో జరిగే పొరపాటు ఒకటే. తేదీ పెట్టి, ఆ తేదీ దాటాక ఊరుకోవడం. అలా చేస్తే ఈమె ఊరికే రాస్తుంది అన్న సంగతి వాళ్ళకి అర్థమైపోతుంది.

రెండోది కొత్త పని ఆపడం. మీ చేతిలో ఇప్పుడు ఆ ఏజెన్సీదే 40,000 పదాల పని సగంలో ఉందన్నారు. దాన్ని చెప్పాపెట్టకుండా ఆపేయవద్దు. గడువు తప్పింది మీరేనని తప్పంతా మీ మీదకి నెట్టే వీలు వాళ్ళకి దొరుకుతుంది. ముందుగా రాసి తెలియజేయండి: పాత బాకీలో ఇంత భాగం అందాక మిగతా ఫైళ్ళు విడతలుగా పంపుతాను అని. దీనికి ఫలితం రెండు రకాలుగా ఉండొచ్చు. డబ్బు కదలొచ్చు, ఆ క్లయింట్ దూరమూ కావచ్చు. పనిలో సగానికి పైగా ఇచ్చే చోటు పోతుందంటే భయం సహజమే. కానీ డబ్బు ఇవ్వని పనిని ఆదాయం కింద లెక్క కట్టకండి. నవంబరులో చేసిన పనికి మీరు అందుకున్నది సున్నా.

మూడోది చట్టం. మీలాంటి ఒంటరి వృత్తిదారులు కూడా సూక్ష్మ సంస్థ కిందకి వస్తారు. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో నమోదు చేసుకోవచ్చు. దానికి ఫీజు లేదు. అదే పేరు పోలికతో డబ్బులు గుంజే ప్రైవేటు వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాత ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే ప్రభుత్వ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇలాంటి సంస్థలకి గడువులోగా చెల్లించకపోతే, నిజంగా చెల్లించే దాకా ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకునే వీలు కొనుగోలుదారుకి లేదు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే అకౌంట్స్ వాళ్ళు మార్చి నెలాఖరులోగా కాస్త తొందరపడతారు.

మీ పాత బాకీకి మాత్రం ఈ దారినే నమ్ముకోవద్దు. పని అయిపోయాక నమోదు చేసుకుంటే పాత బిల్లులకి ఈ రక్షణ దొరకదని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ పెద్ద బెంచి ముందుకి వెళ్ళింది. కాబట్టి ఉద్యమ్ నమోదు ఈ వారమే చేసుకోండి, అది రాబోయే బిల్లుల కోసం. పాత 1,86,000 కోసం లాయరు నోటీసు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర, కేసు వేయకముందే రాజీ కుదిర్చే లోక్ అదాలత్ కూడా ఉంది. 1987 చట్టం కింద మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇది చాలామందికి తెలియదు, కోర్టు ఖర్చులకి భయపడి ఊరుకుంటారు. సివిల్ దావాకి సాధారణంగా మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది, కాబట్టి మీకు సమయం ఉంది. నోటీసు పంపాక ఆ ఏజెన్సీతో పని దాదాపు ముగిసినట్టే, దానికి సిద్ధపడి పంపాలి.

నాలుగోది వదిలేయడం. అదీ ఒక దారే, కానీ తెలిసి ఎంచుకోవాలి, మొహమాటంతో జారిపోకూడదు. నేను ఇంటి దగ్గర ప్రూఫులు దిద్దిన రోజుల్లో ఒక ప్రచురణ సంస్థ ఎనిమిది నెలల డబ్బు ఎగ్గొట్టింది. నా దగ్గర ఒక్క కాగితం లేదు, అంతా నోటిమాట. సంస్థ మూతపడింది. ఆ డబ్బు కంటే, ఒక్కసారైనా గట్టిగా అడగలేదే అన్న బాధ చాలా ఏళ్ళు ఉండిపోయింది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ఆ అరవై పైసల సంగతి. ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు, అనువాదకులందరి గుమ్మంలోకీ వచ్చింది. కోపంతోనూ భయంతోనూ కాకుండా గడియారంతో తేల్చుకోండి. మీరు గంటకి 250 పదాలు చేస్తానన్నారు. రూపాయి నలభై చొప్పున గంటకి 350 రూపాయలు. అరవై పైసల రేటుతో అదే 350 రావాలంటే గంటకి 583 పదాలు సరిదిద్దగలగాలి. మూడు వేర్వేరు ఫైళ్ళు తీసుకుని టైము పెట్టుకుని చేసి చూడండి. వాతావరణం, వార్త లాంటి సాదా వాక్యాల్లో ఆ వేగం రావచ్చు. కానీ యాప్ మాటల్లో ‘సేవ్’ బటన్‌కి ‘రక్షించు’ అనీ, ‘హోమ్’కి ‘ఇల్లు’ అనీ, ఒకే పేజీలో ఒక వాక్యం ‘మీరు’ అని మొదలై ఇంకోటి ‘నువ్వు’ అని ముగియడం మీరు చూసే ఉంటారు. అలాంటి ఫైలు గంటకి 400 పదాలు దాటదు. అప్పుడు మీకు మిగిలేది 240. ఆరోగ్య కరపత్రంలో మందు మోతాదు తప్పు పడితే ఆ బాధ్యత కూడా చివర్న చూసిన మీదే అంటారు.

కాబట్టి ఒప్పుకోవడం, కాదనడం అని రెండే ఉన్నాయనుకోకండి. సరిదిద్దే పనికి పదాల లెక్క కాకుండా గంటల లెక్క అడగవచ్చు. నమూనా చూశాకే రేటు చెబుతాను అనవచ్చు. సాదా విషయాలకి ఒక రేటు, ఆరోగ్యం, చట్టం లాంటి వాటికి ఇంకో రేటు పెట్టవచ్చు. కొంత పని చేజారుతుంది, అది తిరిగి రాకపోవచ్చు కూడా. ఆ ఖాళీని దేనితో నింపాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. మందుల పరిశోధనల్లో పాల్గొనేవాళ్ళకిచ్చే సమ్మతి పత్రాలు వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి. అక్కడ తప్పు పడకూడదు కాబట్టి, తెలుగులో చేసినదాన్ని ఇంకొకరి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి చేయించి పోల్చి చూస్తారు. కోర్టు కాగితాలు, సబ్‌టైటిల్స్, స్వచ్ఛంద సంస్థల శిక్షణ పుస్తకాలు కూడా ఉన్నాయి. మీ ఆరోగ్య కరపత్రాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వారానికి రెండు గంటలు, అనువాదం ముట్టుకోకుండా, కొత్తవాళ్ళకి రాయడానికే పెట్టుకోండి.

హైదరాబాద్ సంస్థకి ఇవాళే జవాబు రాయండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు మీకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. క్లయింట్ వేరే రాష్ట్రంలో ఉన్నా ఇదే వర్తిస్తుంది. ‘నా రాబడి పరిమితి లోపల ఉంది, నమోదు లేదు, బిల్లులో జీఎస్టీ వేయను’ అని ఒక్క వాక్యం చాలు. కొన్ని సంస్థలు అయినా కావాలంటాయి. మీరు ఇష్టపూర్వకంగా తీసుకోవచ్చు, కానీ తీసుకున్నాక పని లేని నెలల్లో కూడా రిటర్న్‌లు వేస్తూ ఉండాలి. ఒక్క క్లయింట్ కోసం అంత తలకెత్తుకోవాలా అన్నది వాళ్ళిచ్చే పనిని బట్టి చూసుకోండి.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అంటే మీకు టెన్షన్‌గా ఉంది కానీ, మీ విషయంలో అది ఎదురు డబ్బు తెచ్చేదే అయ్యుండాలి. మీ ఆదాయానికి బహుశా పన్నే పడదు. కోసిన టీడీఎస్ మాత్రం ప్రభుత్వం దగ్గర ఉంది. ఏడాదికి 2,80,000 బిల్లు చేస్తే 28,000 కోసి ఉంటారు. రిటర్న్ వేస్తేనే అది వెనక్కి వస్తుంది. గడువు దాటిపోయిన సంవత్సరాలకి, ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఉంది. దానికి సీఏ సాయం తీసుకోండి. వెళ్ళేటప్పుడు ఇంటర్నెట్ బిల్లులు, ల్యాప్‌టాప్ కొన్న రసీదు పట్టుకెళ్ళండి. పనిలో వచ్చే డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, అందులోంచి నెలకి ఒక నిర్ణీత మొత్తం ఇంటి ఖాతాకి పంపితే, సీఏకీ సులువు, మీకూ సులువు.

కొత్త క్లయింట్ల విషయంలో కిరాణా కొట్టు పద్ధతి పాటించండి. కొట్టతను కొత్తవాళ్ళకి ఎంత వరకు అరువు ఇస్తాడో మనసులో ఒక గీత గీసుకుంటాడు. మీరూ 10,000 దగ్గర గీసుకోండి. అది అందాకే తర్వాతి ఫైలు. వ్యక్తులైతే సగం అడ్వాన్సు. ఏజెన్సీలు అడ్వాన్సు ఇవ్వవు, వాళ్ళ దగ్గర పదాల సంఖ్య, రేటు, ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు అన్న మూడూ మెయిల్‌లో వచ్చేదాకా పని మొదలుపెట్టకండి. మరిది గారికి ఇకపై బిల్లు ఇవ్వండి, కింద ‘మనవాళ్ళ తగ్గింపు’ అని రాసి సగం తగ్గించినా సరే.

ఇంటి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మిగతావన్నీ డబ్బు సమస్యలు, ఇది నమ్మకం సమస్య. గాజుల విషయం మీ ఆయనకి చెప్పకుండా తీర్చేద్దామని మీ ఆలోచన. డబ్బు త్వరగా వస్తే అది కుదరొచ్చు. రాకపోతే వడ్డీ పెరుగుతుంది, ఏదో ఒక రోజు బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ ఆయన కంట పడుతుంది. అప్పుడు చర్చ ఆ 60,000 మీద ఉండదు, ఎందుకు దాచావన్న దాని మీద ఉంటుంది. ఇప్పుడు చెబితే ఆయన ఒక పూట కోప్పడవచ్చు. కానీ ఆ అయిదు బిల్లులు ఆయన ముందు పరిచి, ‘ఇది నేను సంపాదించింది, ఇది రావాల్సింది, ఇందుకని తాకట్టు పెట్టాల్సి వచ్చింది’ అని చెబితే, మీ పని మొదటిసారిగా ఆయనకి అంకెల్లో కనిపిస్తుంది. ఇంతవరకూ ఆయన చూసింది కంప్యూటర్ ముందు కూర్చున్న భార్యని, 1,86,000 బాకీ ఉన్న మనిషిని కాదు. అత్తగారి మాటకి ఇప్పుడే జవాబు వెతక్కండి. నెలనెలా ఒకే తారీఖున ఇంటి ఖాతాలోకి డబ్బు పడటం మొదలయ్యాక ఆవిడతో మాట్లాడటం తేలికవుతుంది.

ఇక స్కూలు ఉద్యోగం. 18,000 ఖాయంగా వస్తాయి, వేసవిలో జీతం ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి. అందులో చేరి సాయంత్రాలు హైదరాబాద్ సంస్థ పని మాత్రం చేసుకోవచ్చు. అలసట ఉంటుంది, కానీ గాజులు విడిపించే దాకా మనసు నిమ్మళంగా ఉంటుంది. లేదా జూన్‌లో బళ్ళు తెరిచే దాకా మీకు మీరే గడువు పెట్టుకుని, ఈ నాలుగు నెలలు పైన చెప్పిన పద్ధతిలో నడిపి చూడవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో చేతికందిన డబ్బు 18,000 దాటుతోందా లేదా అన్నది మీ లెక్కల పుస్తకమే చెబుతుంది. స్కూలుకి వెళ్తే మీరు ఓడిపోయినట్టు కాదు. బాకీ వసూలు చేసుకోకుండా వెళ్ళడం మాత్రం నాకు ఇష్టం లేదు.

‘వ్యాపారం రాదు’ అన్నారు. నాలుగేళ్ళలో ఒక్క గడువూ తప్పలేదని మీరే రాశారు. ఆ క్రమశిక్షణ ఉన్నవాళ్ళకి బిల్లు రాయడం, లెక్క చూడటం కష్టం కాదు. రాయడానికి మాటలు దొరకకపోతే ఇవి వాడుకోండి:

‘నమస్తే. జూన్ నుంచి నవంబరు వరకు చేసిన పనికి సంబంధించి అయిదు బిల్లుల మొత్తం 1,86,000 రూపాయలు నాకు రావలసి ఉంది. బిల్లుల కాపీలు, ఫైళ్ళు అందినట్టు మీ జవాబులు దీనితో జతచేశాను. ఫిబ్రవరి 15 లోగా జూన్, జూలై బిల్లుల 80,000 చెల్లించి, మిగిలిన దానికి తేదీలు తెలియజేయగలరు. ఆ మొత్తం అందిన వెంటనే ప్రస్తుత ప్రాజెక్టు మిగతా భాగం పంపుతాను.’

దీన్ని అకౌంట్స్ వాళ్ళకి పంపండి. మిమ్మల్ని అక్కా అని పిలిచే ఆ అమ్మాయిని కాపీలో ఉంచండి.